రెండు రంగుల మంచం

మా వీధిలో అందరికీ ఆవిడ పిన్నీసు పిన్ని. ఎడమ భుజం మీద, బట్టకి, పతకాలు తగిలించుకున్నట్టు వరసగా పిన్నీసులు గుచ్చుకుని తిరుగుతుంది. మాటలు కొత్తగా వస్తున్న పిల్లెవరో ఒకసారి పిన్నినీ పిన్నీసునీ కలిపేసి పిలిచింది. ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. అసలు పేరేమిటని ఎవరైనా అడిగితే, "ఏం, నా కరెంటు బిల్లు నువ్వు కడతావా?" అంటుంది.

పిన్ని కొత్త బట్టలు కుట్టదు. ఎవరో కుట్టినవాటిని సరిచేస్తుంది. మేడమెట్ల కింద ఒక మనిషీ ఒక మిషనూ ఒక స్టూలూ పట్టే చోటు ఆవిడ దుకాణం. లావైనవాళ్ళు, చిక్కినవాళ్ళు, అన్న ప్యాంటు తమ్ముడికి సరిపెట్టాలనుకునే తల్లులు, సైజు చూసుకోకుండా తొందరపడి కొనేసినవాళ్ళు అక్కడికి వస్తారు. "కొట్లో తిరిగిచ్చేద్దామంటే అంత దూరం ఎవరు పోతారు పిన్నీ" అంటూ సంచిలోంచి తీస్తారు. ఆ మాటకి పిన్ని మురిసిపోతుంది. "తిరిగివ్వడమేంటి? ఇంటికొచ్చినదాన్ని వెనక్కి తోలేస్తారా ఎవరన్నా? ఇలా తే" అంటుంది. నడుం దగ్గర విప్పుతుంది, పక్కన కాస్త కలుపుతుంది, కింద మడుస్తుంది. మర్నాడు వచ్చి తొడుక్కున్నవాళ్ళకి అది మొదటినుంచీ తమ కొలతకే పుట్టినట్టు ఉంటుంది. సరిపడని వస్తువంటూ లోకంలో లేదనీ, సరిపెట్టుకోవడం చేతకాని మనుషులే ఉన్నారనీ ఆవిడ నమ్మకం. చాలా ఏళ్ళు ఆ నమ్మకమే ఆవిడకి కూడు పెట్టింది.

దుకాణం పక్కనుంచి సన్నటి నడవ. నడవ చివర మూల తిరిగితే గది. ఆ గదిలో పిన్నీ, పిన్ని అక్కా ఉండేవాళ్ళు. అక్క సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరైంది. బస్సు దిగినా గొంతు దిగలేదు. నడవలో ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటుంటే గదిలోంచే, "దారిలో నిలబడకండి, లోపలికి జరగండి!" అని కేకేసేది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎందుకు కాలేదని నేను అడగలేదు కానీ, అక్కే ఒకసారి తనంతట తాను చెప్పింది. "దీనికొచ్చిన సంబంధాలన్నీ నేను చెడగొట్టాను, నాకొచ్చినవన్నీ ఇది చెడగొట్టింది. చెల్లుకి చెల్లు." పిన్ని దారం కొరుకుతూ, "నీకొచ్చాయా అసలు?" అంది.

ఇక్కడ రాస్తున్నది ఎక్కువభాగం పిన్ని మిషను తొక్కుతూ, తొక్కడం ఆపుతూ చెప్పిందే. కొంత చార్జరు చెప్పాడు. చార్జరంటే పక్కకొట్లో ఫోన్లు బాగుచేసే ఆయన. వచ్చిన ప్రతివాళ్ళూ చార్జరు ఉందా అనే అడుగుతారు కాబట్టి ఆయనకా పేరు.

వానాకాలంలో నడవ తడిగా ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం అక్క అక్కడ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో కోసి, లోపల లోహపు కడ్డీ వేసి బిగించారు. బాగానే కుదిరిందన్నారు. మెల్లగా నిలబెట్టి నడిపించడం మొదలుపెట్టారు. వార్డులో అక్క అప్పుడే పెత్తనం మొదలెట్టేసింది కూడా. పక్క మంచం ఆవిడ కర్ర పట్టుకుని నిలబడబోతుంటే, "బండి ఆగాకే దిగు, కదులుతుండగా దిగితే నాకు సంబంధం లేదు" అనేదట. కసరత్తు నేర్పే అమ్మాయి నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగేదట.

ఆ అమ్మాయే పిన్నిని పక్కకి పిలిచి అడిగింది.

"ఇంట్లో మీ అక్కగారు దేనిమీద పడుకుంటారమ్మా?"

"కిందేనమ్మా. ఇద్దరం పరుపులు పరుచుకుంటాం."

"ఇంక అలా కుదరదు. కిందనుంచి లేవబోతే ఆ తుంటి నిలవదు. మోకాలికి పైదాకా ఎత్తుండాలి, గట్టిగా ఉండాలి, లేచేటప్పుడు పట్టుకోవడానికి తలవైపు పలక ఉండాలి."

"రెండు పరుపులూ ఒకదానిమీద ఒకటి వేస్తే?"

"అమ్మా..." అని ఆ అమ్మాయి ఆగింది. "మంచం ఉంటే ఇంటికి పంపిస్తాం. లేకపోతే ఊరి చివర సంరక్షణ కేంద్రానికి పంపాలి. పెద్ద డాక్టర్ల నిర్ణయం, నాది కాదు."

ఆ కేంద్రం సంగతి వార్డులో అందరికీ తెలుసు. అక్కడికి వెళ్ళినవాళ్ళు నడక మర్చిపోతారని చెప్పుకుంటారు. నడిపించే మనుషులు చాలరు, పడుకోబెట్టేవాళ్ళే ఉంటారు. అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. అక్క గొంతు తగ్గించడం పిన్ని అప్పుడే మొదటిసారి విందట.

"ఒసేయ్, నన్ను అక్కడ దింపకే. అక్కణ్ణించి తిరుగు బండి లేదు."

"నేనుండగా నిన్నెవరు పంపుతారే? మంచమే కదా!"

మంచమే. కానీ చేసిపెట్టిన మంచం ఏదీ ఆ నడవ మూల తిరగదు. నిలువుగా పెట్టినా, పక్కకి వాల్చినా తిరగదు. వడ్రంగి వచ్చి చూసి, గోడ కొడితే తప్ప లాభం లేదని చెప్పి పోయాడు. మడతమంచం మధ్యలో కుంగుతుంది, పనికిరాదని కసరత్తు అమ్మాయి ముందే చెప్పింది. అప్పుడు చార్జరు తన ఫోనులో ఒకటి చూపించాడు. పెట్టెల్లో విడివిడిగా వస్తుంది, గదిలోకి తీసుకెళ్ళి మనమే బిగించుకోవాలి. ఒక పెట్టెలో తలవైపు పలక, కాళ్ళవైపు పలక. ఇంకో పెట్టెలో పక్కపట్టెలు, అడ్డబద్దలు, బోల్టులు. చేతిలో ఉన్నదంతా దానికే సరిపోయింది. పొరపాటొస్తే ఇంకోటి కొనే దారి లేదు.

పెట్టెలు వచ్చిన రోజు పిన్ని దుకాణం మూసేసింది. అట్టపెట్టెలు చూడగానే చెయ్యి ఆగలేదు. దళసరి మంచి అట్ట, రెండు పొరలది. అలాంటి అట్ట కోసం ఆవిడ కొట్ల వెంట తిరుగుతుంటుంది, కాలరుకీ చేతులకీ జేబులకీ నమూనా కొలతలు కత్తిరించుకోవడానికి. పలకలూ పట్టెలూ బయటికి తీసి గోడకి ఆనించి, ముందు కూర్చుని ఆ అట్టల్ని కత్తిరించేసింది. మంచం తర్వాత విప్పింది.

తలవైపు, కాళ్ళవైపు పలకలు ముదురు రంగు. పట్టెలు లేత రంగు. రంగుదేముందిలే అనుకుంది. పట్టె కొన తీసుకెళ్ళి పలక కాలికి ఆనించి చూస్తే, పలక కాలికి పైన మూడు రంధ్రాలున్నాయి. పట్టె కొనకి రెండే రంధ్రాలు, అవీ దూరదూరంగా. ఏ రంధ్రమూ ఏ రంధ్రానికీ ఎదురు రాలేదు. తిరగేసింది, కుడిదాన్ని ఎడమకి పెట్టింది, బోర్లించింది. చార్జరొచ్చి చూసి తేల్చాడు.

"పిన్నీ, ఇవి రెండు వేరే వేరే మంచాలు. పలకలు నువ్వడిగినవే. పట్టెలు ఇంకేదో మంచానివి."

ఫోను చేశారు. మీ పిలుపు మాకెంతో ముఖ్యమని ఒక ఆడగొంతు చెప్పింది. చెప్పి, పాట పెట్టింది. పాట అయిపోయి మళ్ళీ మొదలయ్యాక ఒక అమ్మాయి వచ్చింది.

"మేడం, మా దగ్గర మీకు రెండు పెట్టెలూ అందినట్టే చూపిస్తోంది."

"అందాయమ్మా. కానీ లోపలున్నది నాది కాదు."

"పెట్టెమీద నంబరు సరిగ్గానే ఉంది కదా మేడం?"

"పెట్టెమీద మనుషులు పడుకోరమ్మా."

పక్కనుంచి చార్జరు పకపకా నవ్వాడు. ఫోనులో అమ్మాయి నవ్వలేదు. ఫోటోలు పంపమంది. చార్జరు తీసి పంపాడు. చివరికి, మనిషిని పంపుతాం, సరైన పట్టెలు తెస్తాడు, పాతవి వాటి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చెయ్యండి అంది. పిన్నికి అప్పుడు గుర్తొచ్చింది.

"అట్టపెట్టె లేకుండా ఇస్తే?"

"తీసుకోరు మేడం. వచ్చిన పెట్టెలోనే ఉండాలి."

పిన్ని తన దుకాణంలోకెళ్ళి మిషను బల్ల కిందనుంచి కాలర్లూ చేతులూ జేబులూ అన్నీ బయటికి లాగింది. నేలమీద పరిచి ఏ ముక్క పక్కన ఏ ముక్కో వెతుక్కుని అమర్చింది. సంచులు కుట్టే లావు సూదీ మైనం రాసిన దారమూ తీసి ఆ పెట్టెని తిరిగి కుట్టింది. దగ్గర దగ్గరగా, అడ్డకుట్టు వేసి, లోపలివైపు గుడ్డపట్టీ కూడా పెట్టి. ఒక మూల జేబు నమూనా ఎక్కడికో పోతే అక్కడ పాత ప్యాంటు గుడ్డతో మాసిక వేసింది. బలంగా ఉంది పెట్టె. లోపల పట్టెలు పెట్టి ఎత్తితే చీలలేదు.

వచ్చినాయన సన్నగా, పొడుగ్గా, మెడలో తువ్వాలు వేసుకుని ఉన్నాడు. భుజంమీద కొత్త పెట్టె. నడవ మూల దగ్గర తిరిగి, కుట్టిన పెట్టెని చూసి అలాగే నిలబడిపోయాడు.

"ఏంటమ్మా ఇది? పెట్టెకి చలికోటు కుట్టించావా?"

"పెట్టే నాయనా. అదే పెట్టె. నంబరు చూడు, ఇదిగో, చంక కింద ఉంది."

ఆయన వంగి, నంబరు వెతికి, కుట్టుమీద వేలు రాసి చూశాడు. "బాగుంది" అన్నాడు మనస్ఫూర్తిగానే. తర్వాత పైవాళ్ళకి ఫోను చేసి చాలాసేపు మాట్లాడాడు. పెట్టె ఫోటో తీసి పంపాడు. మళ్ళీ మాట్లాడాడు. అటునుంచి ఒప్పుకోలేదు. పెట్టె పాడైతే లోపలిది పాడైనట్టే లెక్కట. తెచ్చిన పెట్టెని మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

"తెచ్చినదాన్ని ఇక్కడ పెట్టి పో నాయనా. పాతది రేపు పెట్టె దొరికాక తీసుకెళ్దువు గాని."

"నా చేతిలో ఉంటే ఇవ్వనా అమ్మా? కొత్త అట్టపెట్టె పంపించమని రాయిస్తా. మళ్ళీ వస్తా."

వచ్చాడు. ఈసారి ఖాళీ అట్టపెట్టె మడిచి తెచ్చాడు, కొత్త పట్టెల పెట్టె కూడా తెచ్చాడు. పిన్ని ఎదురుగానే విప్పించింది. లోపల లేతరంగు పట్టెలు, దూరదూరంగా రెండేసి రంధ్రాలు. అవే.

ఆయన పెట్టెని తిప్పి నంబరు చూశాడు.

"బయట మీ మంచం నంబరే ఉందమ్మా" అన్నాడు. "లోపలేముందో నాకు చూపించి పంపరు."

"అక్కడ పెట్టేవాళ్ళకన్నా కనపడదా?"

"మొత్తం సరుకే అలా వచ్చినట్టుంది. మీ వీధి వెనకాల కూడా ఇదే గొడవ. చెప్తాను. వెతికి తెప్పిస్తారు, ఓపిక పట్టండి."

ఓపిక పట్టడం పిన్నికి తెలియనిదేం కాదు. పొద్దస్తమానం ఒక అంచు విప్పుతూ కూర్చోగలదు. కానీ ఆసుపత్రిలో ఓపిక అయిపోయింది. అక్క పడుకున్న మంచం ఇంకొకరికి కావాలి. వారం చివరికి ఇంటికో కేంద్రానికో తేల్చమన్నారు. పిన్ని వెళ్ళేసరికి అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎవరినీ కేకెయ్యడం లేదు. పక్క మంచం ఆవిడ ఇంటికెళ్ళిపోయింది, ఆ మంచంమీదికి ఇంకెవరో వచ్చారు, అక్క వాళ్ళ మొహం కూడా చూడలేదు.

"వచ్చిందా?" అంది గోడవైపు నుంచే.

"వస్తోందే."

"ఏ స్టాపులో ఉందిట?"

పిన్ని అక్క దుప్పటి సర్ది బయల్దేరింది. బస్సులో తిరిగొస్తూ కిటికీ పక్కన కూర్చుని నిర్ణయించేసుకుందట. ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదా అని తనని తాను తిట్టుకుందట. వెనక్కి పంపడమేంటి? ఎవరో ఇస్తారని ఎదురుచూడటమేంటి? రంధ్రం ఎదురు రాకపోతే కొత్త రంధ్రం వేసుకోవాలి. ఒంటికి సరిపడేలా చెయ్యడమే కదా తన బతుకంతా!

చార్జరు దగ్గర రంధ్రాలు వేసే మిషను ఉంది. అడిగితే ఇచ్చాడు కానీ, గుమ్మంలో నిలబడి పలకని వేలితో కొట్టి చూశాడు.

"పిన్నీ, ఇది చెక్క కాదు. రంపంపొట్టు జిగురుతో అంటించి పైన కాగితం వేశారు. బట్టలాగా నువ్వు చెప్పినట్టు వినదు."

"వినిపించడమే కదా నా పని. పట్టుకో ఇటు."

"నాలుగు రోజులాగితే వాళ్ళే తెచ్చిస్తారుగా?"

"నాలుగు రోజులకి మా అక్క ఆ కేంద్రంలో ఉంటుంది. అప్పుడీ మంచంమీద నిన్ను పడుకోబెట్టనా?"

చార్జరు లోపలికొచ్చాడు. పలక పట్టుకున్నాడు. పిన్ని టేపు పెట్టి కొలిచి, సుద్దతో గుర్తు పెట్టి, మెడకొలత తీసినంత శ్రద్ధగా రంధ్రాలు వేసింది. పాత రంధ్రాలు అడ్డొచ్చి, కొత్తవి అంచుకి దగ్గరగా వెయ్యాల్సి వచ్చింది. బోల్టు పట్టడానికి పట్టె కొనలు కూడా కాస్త తొలిచాక బోల్టులు బిగిశాయి. అంతటితో ఊరుకోలేదు. సామాన్ల సంచులకి వేసే మందపాటి నాడా తెచ్చి, పట్టె కొననీ పలక కాలినీ కలిపి చుట్టి, నాలుగు మూలలా కుట్టేసింది. అడ్డబద్దలు పేర్చి పరుపు వేసింది. ముందు తను కూర్చుంది. తర్వాత పడుకుంది. తర్వాత చార్జరుని కూర్చోమంది. ఆయన కూర్చుని కాస్త ఊగాడు. మంచం కిర్రుమనలేదు.

రెండు రంగులూ కనపడకుండా చుట్టూ కుచ్చిళ్ళు పెట్టి నేలదాకా దిగే దుప్పటి కుట్టింది. చార్జరు ఫోటో తీశాడు. కసరత్తు అమ్మాయి ఆ ఫోటో చూసి, "ఎంత ముచ్చటగా ఉందమ్మా!" అంది.

"ఎత్తు సరిగ్గా ఉంది కదా?"

"ఎత్తు బావుంది. గట్టిగా బిగించారు కదా? అన్నీ సరైన భాగాలే కదా?"

"అన్నీ సరిపోయాయమ్మా" అంది పిన్ని.

అబద్ధం చెప్పలేదు నేను, అంటుంది పిన్ని ఇప్పటికీ. సరిపోయాయి కదా, సరిపెట్టాను కదా. ఆ మాట చెప్పి కాసేపు మిషను తొక్కుతుంది.

అక్క ఇంటికొచ్చింది. నడవలో కర్రమీద ఆనుకుని ఒక్కో అడుగూ వేస్తూ, మూల తిరిగి, మంచం చూసి, "ఏమేవ్, ఇది మంచమా, గౌను తొడుక్కున్న పెళ్ళికూతురా?" అంది. గొంతు తిరిగొచ్చింది. వీధి చివరిదాకా వినపడింది. మేమంతా వెళ్ళి చూసొచ్చాం. తలవైపు పలక పట్టుకుని తనంతట తాను లేచి నిలబడి చూపించింది. పిన్ని ఆ రోజుల్లో పాడుతూ మిషను తొక్కేది. ఏం పాడేదో తెలిసేది కాదు, మిషను చప్పుడుకి మాటలు వినపడేవి కావు.

అలాంటి ఒకరోజు పొడుగాటాయన మళ్ళీ వచ్చాడు. మెడలో తువ్వాలు, భుజంమీద పెట్టె, మొహం నిండా నవ్వు.

"అమ్మా, ఈసారి నేనే గోదాములో విప్పించి చూసి తెచ్చాను. మీవే. ముదురు రంగు, మూడు రంధ్రాలు!"

నడవలోనే పెట్టె తెరిచి చూపించాడు. పిన్ని వేలు పెట్టి చూసింది. మూడు రంధ్రాలు, వాటి అంచులకి ఇనుప తొడుగులు. ఎంత నున్నగా ఉన్నాయో. గదిలోకొచ్చి ఆయన దుప్పటి అంచు ఎత్తాడు. కొత్త రంధ్రాలు చూశాడు, నాడా చూశాడు, మాసిపోయిన సుద్ద గుర్తులు చూశాడు. దుప్పటి మెల్లిగా కిందికి వదిలేశాడు.

"ఎంత పని చేశారమ్మా."

"ఏం నాయనా? పాత పట్టెలు ఇప్పేసిస్తాను. వాటికేం కాలేదు, రంధ్రాలు పలకకి వేశాను."

"పట్టె కొనలు కూడా తొలిచారు కదా. బోల్టు పట్టడానికి." ఆయన గొంతు తగ్గించాడు, మంచంమీద మనిషి ఉందని. "తొలిచినది తీసుకుని కొత్తది ఇచ్చానంటే నన్ను పనిలోంచి తీసేస్తారు. వస్తువులో ఏ మార్పూ చెయ్యకూడదు, వాళ్ళు ఎప్పుడూ చెప్పే మాట అదే."

"నీకు అక్కల్లేరా నాయనా?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మంచంమీదనుంచి అక్కే అంది. "వదిలెయ్యవే. టిక్కెట్టు లేనివాణ్ణి ఎక్కించుకుంటే కండక్టరుకే శిక్ష. ఆయన్నెందుకు చంపుతావ్? ఇది బాగానే ఉందిగా."

ఆయన పెట్టె మూసి, టేపు వేసి, ఎత్తుకుని, నడవ మూల దగ్గర ఆగి అన్నాడు. "ఇంకో రెండ్రోజులు ఆగుంటే అయిపోయేదమ్మా." తిట్టడానికన్న మాట కాదది. కానీ పిన్నికి ఆ మాట తిట్టుకన్నా గట్టిగా పట్టుకుంది.

పైనుంచి ఫోను కూడా వచ్చింది. వస్తువును వినియోగదారు మార్చినందువల్ల ఫిర్యాదు ముగించామని అమ్మాయి చెప్పింది. మా సేవ మీకెలా అనిపించింది, ఐదు చుక్కల్లో ఎన్ని ఇస్తారు అని కూడా అడిగింది. పిన్ని ఫోను చార్జరు చేతికిచ్చేసి వెళ్ళిపోయింది. ఆయనేం ఇచ్చాడో చెప్పడు.

మంచం మరికొన్నాళ్ళు నిలబడింది. ఆ కొన్నాళ్ళూ పిన్ని రోజూ పొద్దున్నే దుప్పటి ఎత్తి నాలుగు మూలలూ తడిమి చూసుకునేది. కుట్టు చూసుకునేది. కుట్టు బాగానే ఉండేది. రంధ్రం చుట్టూ కాగితం కొద్దిగా ఉబ్బింది ఒకచోట. తడికేమో అనుకుంది.

ఒక ఉదయం దుకాణంలో ఎవరికో ప్యాంటు అంచుకి పిన్నీసులు పెడుతోంది. నోట్లో ఇంకా రెండున్నాయి. లోపల బట్టలమూట కిందపడ్డట్టు చప్పుడైంది. తర్వాత కేక రాలేదు. కేక రాకపోవడంతోనే పరిగెత్తానంటుంది పిన్ని.

అక్క చెల్లెల్ని పిలవకుండా లేవబోయింది. తలవైపు పలక పట్టుకుని బరువంతా దానిమీద వేసింది, నేర్పించినట్టే. పలక కాలు రంధ్రం దగ్గర బిస్కట్టులా విరిగింది. మంచం ఆ మూల కుంగింది. అక్క పరుపుతోపాటు జారి, ఆపరేషనైన వైపే పడి ఉంది. నేలంతా రంపంపొట్టు. నాడా మాత్రం పట్టెనీ విరిగిన ముక్కనీ గట్టిగా పట్టుకునే ఉంది. ఒక్క కుట్టు ఊడలేదు.

అంబులెన్సువాళ్ళు నడవ మూల దగ్గర స్ట్రెచరు తిరగక అవస్థపడ్డారు. అక్క కళ్ళు మూసుకునే, "కాస్త వాల్చండి, తిరుగుతుంది" అని దారి చెప్పింది.

లోపలి కడ్డీ కదిలిపోయింది. ఇంకోసారి కోస్తే ఆ ఒళ్ళు తట్టుకోదన్నారు. కసరత్తు అమ్మాయి పిన్నిని ఏమీ అడగలేదు. వార్డు గుమ్మంలో ఎదురైతే, ఫోటో సంగతి గుర్తొచ్చిందేమో, ఒక క్షణం ఆగి, పిన్ని భుజంమీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. అడిగుంటే బావుండేది, అంటుంది పిన్ని. ఈసారి ఇంటికా కేంద్రానికా అన్న మాటే రాలేదు.

కేంద్రంలో అక్క మంచం ఇనుపది. పక్కనున్న పిడి తిప్పితే పైకి లేస్తుంది, దిగుతుంది. దానికి ఏ లోపమూ లేదు. పిన్ని వీలైనప్పుడల్లా బస్సు మారి బస్సు ఎక్కి వెళుతుంది. నేనూ ఒకసారి వెంట వెళ్ళాను. పొడుగాటి హాలు, రెండు వరసల మంచాలు, మధ్యలో ఖాళీ దారి. దారిలో ఎవరూ నిలబడలేదు, ఎవరినీ జరగమనాల్సిన పని లేదు. అక్క సన్నబడిపోయింది. దుప్పటి కింద కాళ్ళున్నట్టే తెలియడంలేదు.

పిన్ని మంచం అంచున కూర్చోబోయి, కూర్చోక, నిలబడే మాట్లాడింది. వీధి కబుర్లన్నీ చెప్పింది. చార్జరు కొట్టుకి రంగులేయించాడు, పైవాటాలోకి కొత్తవాళ్ళు వచ్చారు. అక్క వింటోందో లేదో తెలియలేదు. చాలాసేపయ్యాక కళ్ళు తెరిచి అడిగింది.

"ఆ చెక్కలేం చేశావే?"

"ఉన్నాయి. గోడకి ఆనించాను."

"ఇంకానా?"

"నువ్వొచ్చాక చూద్దాంలే. నాలుగు ఇనప పట్టీలు కొట్టిస్తే..."

"తీసెయ్" అంది అక్క. గొంతులో కోపం లేదు. "కాళ్ళకి తగుల్తాయి. తీసేసి పరుపు మధ్యలో పరుచుకో. ఒక్కదానివే కదా."

పిన్ని దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది. అక్క మొహం గోడవైపు తిప్పేసుకుంది. ఆయా వచ్చి, వేళైపోయిందమ్మా, ఇంక బయల్దేరండి అంది.